రెండో సీసా చల్లబడలేదు

విజయవాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇరవై ఆరేళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. పోయిన మే నెలలో మా లాబ్‌లో అమ్మోనియా సీసా మూత తీస్తుండగా అది నా ముఖం మీదికి చిమ్మింది. ఎడమ కంటి ముందు ఇప్పటికీ ఒక పల్చటి తెర ఉంది. గొంతు అరగంట కంటే ఎక్కువసేపు నిలవదు. ఇంతకంటే మెరుగవుతుందని డాక్టరు గారు గట్టిగా చెప్పడం లేదు, అవదనీ అనడం లేదు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా అయ్యో అంటారు. ఆ జాలికి నేను పూర్తిగా తగినవాణ్ణి కాను. ఎందుకు కానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాలాగా లాబ్‌లలో పనిచేసేవాళ్లకు ఇందులో ఏదైనా పనికొస్తే సంతోషం.

మే

ప్రాక్టికల్స్ తప్పినవాళ్లకు, రాయనివాళ్లకు ఎండాకాలంలో మళ్లీ పరీక్ష పెడతారు. ఆ రోజు మా దగ్గర రెండు బ్యాచ్‌లు. ఇచ్చిన లవణం ఏమిటో కనుక్కునే పరీక్షకు ప్రతి బల్ల మీదా అమ్మోనియా ఉండాలి.

గాఢ అమ్మోనియా అంటే నీళ్లలో కరిగి ఉన్న వాయువు. వేడెక్కితే అది నీళ్లలో ఉండదు, పైకి లేచి మూత కింద ఒత్తుకుని కూర్చుంటుంది. మా స్టోర్ రూముకి పైన రేకులు. మే నెల ఎండలో ఆ తలుపు తీస్తేనే సెగ ముఖానికి కొడుతుంది. అలాంటి చోట ఉన్న సీసాని తెచ్చిన వెంటనే తెరవకూడదు. ఐసు నీళ్లలో బాగా చల్లబడేదాకా ఉంచాలి. గాగుల్స్, గ్లౌజులు వేసుకోవాలి. ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లో ఫ్యాన్ తిరుగుతుండగా, మూత మీద తడిగుడ్డ కప్పి, ముఖం పక్కకు పెట్టుకుని, కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఈ సంగతులన్నీ చార్టు మీద రాసి గోడకు తగిలించింది నేనే. అంతకు ముందు ఏడాది, కొత్తగా చేరిన ఒక మేడమ్ గాగుల్స్ లేకుండా యాసిడ్ కొలుస్తుంటే పిల్లలందరి ముందూ ఆవిణ్ణి లాబ్ బయటికి పంపించాను. ఆ తర్వాత వారం రోజులపాటు స్టాఫ్ రూములో ఆ సంగతి నేనే గొప్పగా చెప్పుకున్నాను.

మా లాబ్ అటెండరు పేరు సుగుణమ్మ. పదిహేడేళ్లుగా అక్కడే పనిచేస్తోంది. ఇబ్రహీంపట్నం నుంచి బస్సులో వచ్చి అందరికంటే ముందు లాబ్ తాళం తీసేది. ఆ పొద్దున ఒక సీసాని ఐసులో పెట్టి, చల్లబడ్డాక తనే తెరిచి, బల్లల మీద చిన్న సీసాలు నింపింది. ఉన్న ఐసు ఒక్క సీసాకే సరిపోయింది. నేను నా బల్ల దగ్గర కూర్చుని హాల్ టికెట్ నంబర్లు సరిచూస్తున్నాను. ఆమె వచ్చి పక్కన నిలబడి, రెండో సీసా ఇంకా చల్లబడలేదని, ఐసు కోసం వెళ్తున్నానని, వచ్చాక తనే తెరుస్తానని చెప్పింది. నేను తలెత్తకుండా ఊఁ అన్నాను.

కాసేపటికి చూస్తే నాలుగు బల్లలకు అమ్మోనియా తక్కువైంది. పదింటికి బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ గారు వస్తారు. ఆయన వచ్చేసరికి అన్నీ సర్ది ఉండాలని నాకు పట్టుదల. స్టోర్ రూములోకి వెళ్లి రెండో సీసా తెచ్చాను. కరెంటు పోయి ఫ్యాన్ తిరగడం లేదు. గాగుల్స్ నా బల్ల మీద, పదడుగుల దూరంలో ఉన్నాయి. రెండు నిమిషాల పనే కదా అనుకున్నాను.

మూత సగం తిరిగిందో లేదో చిమ్మింది. అది నాకు వాసనగా తెలియలేదు. ముఖమంతా ఒక్కసారి భగ్గుమంది. ఊపిరి లోపలికి పోలేదు, బయటికీ రాలేదు. సీసా చేతిలోంచి జారి పగిలింది. కళ్లు తెరవాలని ఎంత ప్రయత్నించినా రెప్పలు విడలేదు. బల్లలు తడుముకుంటూ ఎటు వెళ్తున్నానో తెలియకుండా తిరుగుతుంటే ఎవరో నా చొక్కా పట్టుకుని లాక్కెళ్లి తలని కుళాయి కిందికి వంచారు. ఐసు తీసుకుని అప్పుడే గుమ్మంలోకి వచ్చిన సుగుణమ్మ అని గొంతు విన్నాక తెలిసింది. వేళ్లతో నా రెప్పలు విడదీసి కళ్లలోకి నీళ్లు పోనిచ్చింది. నేను ఆ బాధకి ఓర్చుకోలేక ఆమె చేతుల మీద కొట్టాను, తోసేశాను. ఆమె వదల్లేదు. పరీక్షకు ముందే వచ్చిన పిల్లల్ని కిటికీలు తీయమని చెబుతూ, నాతో మాత్రం తెరవండి సార్, తెరవండి సార్ అంటూనే ఉంది. ఇరవై నిమిషాలు అలా పట్టుకుందట. ఆ ఇరవై నిమిషాలే మీ కళ్లు నిలబెట్టాయని తర్వాత కంటి డాక్టరు గారు అన్నారు.

ఆసుపత్రిలో రెండు కళ్లకూ కట్లు కట్టారు. గొంతు లోపల వాచిందని మాట్లాడవద్దన్నారు. మాట్లాడదామన్నా రాలేదు. ముక్కుకి ఆక్సిజన్. గుటక వేయాలంటే భయం, నిద్రపోవాలంటే భయం. కళ్లు పోతే పాఠం ఎలా చెబుతాను, గొంతు పోతే ఏం చేస్తాను అని, రెండింట్లో ఏది ఉంటే చాలో లోపల బేరం పెట్టుకునేవాణ్ణి. నా భార్య ఇందిర స్కూల్లో సోషల్ టీచరు. వేసవి సెలవులు కావడంతో రోజంతా పక్కనే ఉండి, నా చెయ్యి పట్టుకుని, లోపలికి వచ్చిన ప్రతి మనిషి ఎవరో నాకు చెప్పేది.

మూడో రోజు ప్రిన్సిపాల్ గారు వచ్చారు. కుశలం అడిగారు. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకున్న చప్పుడు వినిపించింది.

"మాస్టారూ, ఒక్క విషయం. రెండో సీసా చల్లబడలేదని మీతో ముందే చెప్పానని సుగుణమ్మ అంటోంది. చెప్పిందా?"

నేను తల అడ్డంగా ఊపాను.

మాట రాని మనిషిని కాబట్టి అబద్ధానికి కూడా మాట అవసరం లేకపోయింది. ఆయన మళ్లీ అడగలేదు. నొప్పిలో ప్రశ్న సరిగా అర్థం కాలేదని తర్వాత చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. ప్రశ్న బాగా అర్థమైంది. చెప్పిందని ఒప్పుకుంటే, చల్లబడలేదని తెలిసి, గాగుల్స్ లేకుండా, ఫ్యాన్ లేకుండా తెరిచింది నేనే అని తేలుతుంది. నేను బయటికి పంపించిన ఆ మేడమ్ ఈ సంగతి వింటుంది. కట్ల వెనకాల నాకు మొదట కనిపించింది ఆవిడ ముఖమే.

జూన్

పటమటలో ఉన్న మా ఇంటికి తీసుకొచ్చారు. గంటకోసారి కళ్లలో చుక్కలు. ఇందిర గోడ గడియారం చూసుకుంటూ వంట మధ్యలో, పూజ మధ్యలో లేచి వచ్చి వేసేది. బడి తెరిచినా సెలవు పెట్టింది. వచ్చినవాళ్లందరికీ ఆమే సమాధానం చెప్పేది. లాబ్‌లో పనిచేసే ఆవిడ చెప్పకపోవడం వల్ల ఇంత జరిగిందని ఆమె అంటుంటే నేను పడుకుని వినేవాణ్ణి. మా అన్నయ్య చల్లపల్లి నుంచి వచ్చినప్పుడు ఆయనతోనూ అదే చెప్పింది. ఆయన కోపంగా, అలాంటివాళ్లని పనిలో ఎలా ఉంచుతారు అన్నాడు. ఉంచలేదు అంది ఇందిర. కబురు పంపేవరకూ రావద్దని సుగుణమ్మతో కాలేజీవాళ్లు చెప్పేశారని అలా తెలిసింది నాకు.

ఒక సాయంత్రం గేటు చప్పుడైంది. నేను ముందు గదిలో మంచం మీద ఉన్నాను. అప్పటికి కుడి కంటి కట్టు తీసేశారు గానీ వెలుతురు చూడలేక కళ్లు మూసుకునే ఉండేవాణ్ణి. గొంతు వినగానే గుర్తుపట్టాను. సార్ కోసం ముంజలు తెచ్చానని, మెత్తగా ఉంటాయి, గొంతులోంచి సులువుగా దిగుతాయని సుగుణమ్మ చెబుతోంది.

"నువ్వు చేసింది చాలు. ఆయన్ని చూడ్డానికి వీల్లేదు" అంది ఇందిర.

"చూడనులెండమ్మా. ఒక్క మాట కనుక్కుని చెప్పండి చాలు. ఆ రోజు నేను చెప్పింది సార్‌కి వినపడిందా, లేదా అని."

"నువ్వు చెప్పలేదని ఆయనే అన్నారు."

గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. వెళ్లిపోయిందేమో అనుకున్నాను.

"అయితే చెప్పలేదేమోనమ్మా" అంది సుగుణమ్మ.

గేటుకి, నా మంచానికి మధ్య పది అడుగులు. మాట రాకపోయినా మంచం పట్టె మీద చేత్తో కొడితే ఇందిర పరిగెత్తుకొచ్చేది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

గిన్నె గేటు దగ్గరే పెట్టి వెళ్లింది. ముంజలు తొక్కు తీసి, చిన్న ముక్కలుగా కోసి ఉన్నాయి. వదిలెయ్యడమెందుకని ఇందిర తెచ్చి చెంచాతో నోట్లో పెట్టింది. తిన్నాను. ప్రమాదం జరిగిన తర్వాత నొప్పి లేకుండా గొంతు దిగిన మొదటి తిండి అదే.

జూలై

వారానికోసారి కంటి ఆసుపత్రికి వెళ్లేవాళ్లం. పొడుగాటి హాలు, వరసగా కుర్చీలు, టోకెను నంబర్లు ఎర్ర అంకెల్లో మారుతుంటాయి. అక్కడ కూర్చున్నవాళ్లలో సగం మందికి ఆ నంబర్లు కనపడవు. పక్కనున్నవాణ్ణి అడగాలి. ఇరవై ఆరేళ్లు క్లాసులో అందరినీ నేను ప్రశ్నలు అడిగినవాణ్ణి. ఇప్పుడు ఎన్నో నంబరు నడుస్తోందండీ అని ముక్కూ మొహం తెలియనివాళ్లని అడగడానికి మొదట్లో సిగ్గుపడ్డాను. తర్వాత అలవాటైంది.

ఒకరోజు పక్కన ఒక వెల్డరు కూర్చున్నాడు. నలభై ఏళ్లుంటాయి. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనట. ఒక కంటికి పచ్చగుడ్డ కట్టుకుని, రెండో కంటితో నా నంబరు కూడా తనే చూసి చెబుతానన్నాడు. ఇందిర నీళ్లు ఇస్తే తాగాడు. ఎలా జరిగిందని ఆమె అడిగింది.

"నాదే తప్పండీ. అద్దం చేతిలోనే ఉంది. చిన్న అతుకే కదా అని అడ్డం పెట్టుకోలా" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి ఒక్క క్షణం పట్టలేదు. మాకేమైందని అడిగితే ఇందిర ఎప్పటిలాగే చెప్పింది. అతను విని, ఆవిడెవరో పాపం ఎంత బాధపడుతుందో అన్నాడు. నా నంబరు రాగానే మోచెయ్యి పట్టుకుని డాక్టరు గారి గుమ్మందాకా దిగబెట్టి వెళ్లాడు. అతని పేరు కూడా అడగలేదు నేను.

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చాక ఇందిరను కూర్చోమన్నాను. అప్పటికి గుసగుసగా నాలుగు మాటలు వస్తున్నాయి. సుగుణమ్మ చెప్పింది, నేను విన్నాను అన్నాను. ఆమెకు మొదట అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. తల ఊపిన సంగతి, ఎందుకు ఊపానో అదీ చెప్పాను.

ఇందిర చాలాసేపు నా ముఖంలోకి చూసింది. "నా చేత ఆవిణ్ణి గేటు బయట నిలబెట్టించారు" అంది. లేచి లోపలికి వెళ్లింది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. చుక్కలు మాత్రం గంటకోసారి వేస్తూనే ఉంది. రెప్ప పైకెత్తుతున్న ఆ వేళ్లలో విసురు గానీ చిరాకు గానీ లేవు. ఉంటే బాగుండేదనిపించింది.

ఐదో రోజు పొద్దున, ఎప్పుడు వెళ్తున్నారు అని అడిగింది. తనూ వస్తానంది. తను అన్న మాటలకు తను సమాధానం చెప్పుకోవాలంది.

ఆగస్టు

సుగుణమ్మ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల గోడౌనులో చేరిందని మా ఆఫీసు గుమాస్తా చెప్పాడు. నట్లు, బోల్టులు లెక్కపెట్టి పొట్లాలు కట్టే పని. భోజనాల వేళకి వెళ్లాం. షట్టరు పక్కన మెట్టు మీద కూర్చుని టిఫిను డబ్బా మూత తీస్తోంది. మమ్మల్ని చూసి లేచి, లోపల్నుంచి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి నాకు వేసింది. ఎండ ఎడమ కంటికి తగలకుండా స్టూలు కొంచెం పక్కకు జరిపింది. కన్ను ఎలా ఉందని అడిగింది. ఆమె ఇంత చేశాక నేను చెప్పదలుచుకున్నది చెప్పడం ఇంకా కష్టమైంది.

"నువ్వు చెప్పావు సుగుణమ్మా. రెండో సీసా చల్లబడలేదని నా పక్కన నిలబడి చెప్పావు" అన్నాను.

"విన్నారా సార్?"

"విన్నాను. ఊఁ అన్నాను కూడా."

ఆమె డబ్బా మూత మళ్లీ పెట్టేసింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రోడ్డు మీద లారీ ఒకటి వెనక్కి తిరగడానికి తంటాలు పడుతోంది. అది వెళ్లేదాకా దానివైపే చూసింది.

"మా అమ్మాయి అడిగేది సార్, అమ్మా నువ్వు నిజంగా చెప్పావా, చెబుదామనుకుని మర్చిపోయావా అని. మొదట్లో చెప్పాననేదాన్ని. సార్ అబద్ధం ఎందుకు చెబుతారు అనేది అది. రాన్రాను నాకే తెలియకుండా పోయింది. బస్సులో కూర్చుంటే అదే. మీ బల్ల దగ్గర నిలబడ్డానా, గుమ్మంలోంచే వెళ్లిపోయానా అని. మీ కళ్లు నా వల్లే పోయినియ్యేమో అనుకున్నాను. పని పోయిందని కాదు సార్, పని ఎక్కడో ఒకచోట దొరుకుద్ది."

నేను క్షమించమన్నాను. ఆ మాట గొంతులో సరిగా పలకలేదు. గొంతు దెబ్బతిన్నందువల్లేనని ఆమె అనుకుని ఉండవచ్చు.

ఇందిర ముందుకు వచ్చి, ఆ రోజు గేటు దగ్గర మాట్లాడింది తప్పని, మీరు తెచ్చినవి ఈయనకి పెట్టి మిమ్మల్ని మాత్రం లోపలికి రానివ్వలేదని చెప్పింది. మీకు తెలియదు కదమ్మా అని సుగుణమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. నా వైపు తిరిగి అలాంటి మాట ఏమీ అనలేదు.

"నాతో చెబితే ఏం లాభం సార్. ఎవరి ముందు తల ఊపారో వాళ్లకి చెప్పండి" అంది. తర్వాత భోజనం టైము అయిపోతోందని లోపలికి వెళ్లింది. డబ్బాలో అన్నం అలాగే ఉంది.

మర్నాడు ప్రిన్సిపాల్ గారిని కలిశాను. అంతా విని ఆయన ఇబ్బందిగా కదిలారు. ఇప్పుడెందుకండీ మాస్టారూ, మీరు కోలుకుని వచ్చారు, అదే చాలు, ఆవిడకీ ఏదో పని దొరికిందిగా అన్నారు. మీరు అడిగిన ప్రశ్నకి నేను తప్పు సమాధానం చెప్పాను, అది అందరి ముందూ దిద్దుకోవాలి అన్నాను. ఆయన ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

స్టాఫ్ మీటింగులో నిలబడి చెప్పాను. ఐదారు నిమిషాల మాటలు. మధ్యలో రెండుసార్లు గొంతు ఆగిపోయింది. సుగుణమ్మ హెచ్చరించిందని, నేను విన్నానని, ఐసు లేకుండా, గాగుల్స్ లేకుండా, ఫ్యాన్ లేకుండా సీసా తెరిచానని, నా కళ్లు కాపాడిన మనిషి మీదే ఆ తప్పు నెట్టానని చెప్పాను. రెండోసారి గొంతు ఆగినప్పుడు ఒకరు లేచి వచ్చి గ్లాసుతో మంచినీళ్లు నా ముందు పెట్టారు. తలెత్తి చూస్తే, నేను లాబ్ బయటికి పంపించిన ఆ మేడమ్. నీళ్లు తాగి, ఆవిడతో చెప్పాల్సిన మాట కూడా అక్కడే చెప్పాను. ఆవిడ తల వంచుకుని తన కుర్చీలోకి వెళ్లి కూర్చుంది.

సెప్టెంబరు

మళ్లీ పనిలోకి రమ్మని కాలేజీవాళ్లు కబురు పంపితే, తప్పు తనది కాదని కాగితం మీద రాసిస్తేనే వస్తానంది సుగుణమ్మ. ప్రిన్సిపాల్ గారు రాసిచ్చారు. కింద నేనూ సంతకం పెట్టాను. ఆమె దాన్ని జిరాక్సు తీయించి వాళ్లమ్మాయికి ఇచ్చిందని తర్వాత విన్నాను.

ఇప్పుడు మళ్లీ అందరికంటే ముందు వచ్చి లాబ్ తాళం తీస్తోంది. నాకు ఎడమవైపు సరిగా కనపడదని బల్లకి ఆ పక్కన ఏదీ ఉంచదు. పాఠం మధ్యలో గొంతు బొంగురుపోతే వేణ్నీళ్లు తెచ్చి పెడుతుంది. పిల్లలు సార్‌కి ఏమైందని అడిగితే నేనే చెబుతాను, మొత్తం చెబుతాను. మొదటిసారి చెప్పినప్పుడు వెనక బెంచీల్లో గుసగుసలు వినిపించాయి. అవి నేను వినవలసినవే.

మొన్న ఈ ఏడాది మొదటి లవణాల ప్రాక్టికల్ పెట్టుకున్నాం. పొద్దున్నే నా బల్ల దగ్గర కూర్చుని బ్యాచ్‌ల పట్టీ రాస్తున్నాను. సుగుణమ్మ వచ్చి నిలబడింది. అమ్మోనియా సీసా ఐసులో పెట్టానని, గంట కాకుండా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పింది. పెన్ను పక్కన పెట్టి, తలెత్తి ఆమె వైపు చూసి, సరే సుగుణమ్మా అన్నాను. ఆమె వెళ్లలేదు. చంకలోంచి కొత్త నోటు పుస్తకం తీసి నా ముందు తెరిచింది. స్కేలుతో గీతలు గీసి ఉంది. తారీఖు, సీసా ఐసులో పెట్టిన టైము, సార్‌తో చెప్పిన టైము, అన్నీ తన గుండ్రటి అక్షరాలతో నింపి ఉన్నాయి. చివరి గడి ఒక్కటే ఖాళీ.

"విన్నట్టు సంతకం పెట్టండి సార్" అంది.

పెట్టాను. ఆమె సిరా ఆరేదాకా ఆగి, పుస్తకం మూసి తీసుకెళ్లింది. అంతకు ముందు పదిహేడేళ్లలో ఆమె నా దగ్గర ఏనాడూ సంతకం అడగలేదు.